పెద్దవాళ్ల ఈతకు స్టామినా అనే సాకు

నలభై దాటాక ఫ్రీస్టైల్ (బోర్లా పడుకుని చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత) సరిగ్గా నేర్చుకుందామని మన తిరుపతిలో కొలనుకు వెళ్లే ఎవరికైనా దొరికే సలహా ఒక్కటే. "మీకు స్టామినా లేదు సార్. రోజూ ఇంకో నాలుగు లాప్‌లు ఎక్కువ కొట్టండి, అదే వస్తుంది." విని విని విసుగెత్తింది. స్టామినా లేని మనుషులా వీళ్లు? అలిపిరిలో బయలుదేరి 3550 మెట్లు ఎక్కి, క్యూలో గంటలకొద్దీ నిలబడి, దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాళ్లు. అలాంటి మనిషి 25 మీటర్లు ఈదేసరికి రొప్పుతూ గట్టు పట్టుకుని వేలాడుతున్నాడంటే తప్పు ఆయన గుండెలో వెతక్కండి. నీళ్లలో ఆయన ఏం చేస్తున్నాడో ఒకసారి చూడండి.

చూస్తే కనిపించేది ఇది. నీళ్లలో ముఖం పెట్టగానే బుగ్గలు ఉబ్బుతాయి, పెదవులు బిగుసుకుంటాయి. ఒక్క బుడగ కూడా బయటికి రాదు. రెండు మూడు బారలు (చేయి ఒకసారి చాచి నీటిని లాగితే ఒక బార) అలాగే వేసి, తల పక్కకు తిప్పి, ఆ అర సెకనులోనే లోపలి గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు. సగం వదిలి, సగం పీల్చి, మళ్లీ ముఖం లోపలికి. నాలుగోసారికి ఊపిరాడదు, భయం మొదలవుతుంది, చేతులు గబగబా తిరుగుతాయి. ఊపిరి కోసం కొట్టుకునే ఆ తపనకు ముఖ్య కారణం ఆక్సిజన్ తగ్గడం అనుకుంటాం. అసలు కారణం కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం. వదలకుండా బిగబట్టిన ప్రతి క్షణం అది రక్తంలో పెరుగుతూనే ఉంటుంది. అందుకే ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో సన్నగా గాలి వదులుతూనే ఉండాలి. తల తిప్పాక మిగిలే పని పీల్చడం ఒక్కటే. గట్టు పట్టుకుని నిలబడి, ముఖం ముంచి బుడగలు వదలడం ఒక వారం సాధన చేస్తే చాలు, చాలామందికి "స్టామినా" అదంతట అదే వస్తుంది. ఈ సాధన చెప్పే కోచ్‌లు ఉన్నారు, పిల్లలకు చెబుతారు. పెద్దవాళ్లకు చెబితే చిన్నతనంగా ఉంటుందనుకుంటారో ఏమో.

ఇక్కడే ఇంకో సంగతి. కుర్రాళ్లు గబగబా పదిసార్లు గాలి పీల్చి వదిలి, నీళ్ల అడుగున ఎవరు ఎంత దూరం పోగలరని పందేలు వేసుకుంటారు. అలా పీల్చినందువల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. పైకి రమ్మని హెచ్చరించాల్సిన తపన రాకముందే స్పృహ తప్పుతుంది. గట్టు మీద నిలబడినవాడికి వాడు ఇంకా ఈదుతున్నట్టే కనిపిస్తాడు. లైఫ్‌గార్డులు ఈ పందేన్ని నవ్వుతూ చూడటం మానాలి.

తల విషయానికి వస్తే, చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన మాలాంటివాళ్లలో చాలామందిమి వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్లమే. నడుముకు బెండ్లు కట్టి, మేనమామ గట్టు మీద నుంచి తోసేస్తే వచ్చిన ఈత. బావిలో తల పైకెత్తి ఈదాల్సిందే. పైనుంచి ఎవడు ఎప్పుడు దూకుతాడో తెలియదు, పైగా ఈదాల్సిన దూరమూ నాలుగు బారలే. అదే అలవాటుతో కొలనులో దిగితే మాత్రం లెక్క తప్పుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువు. తల ఎంత లేస్తే కాళ్లు అంత కిందికి పోతాయి, ఏతం మాను లాగా. కాళ్లు దిగాక శరీరం ఏటవాలుగా నీటిని తోసుకుంటూ పోవాలి. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. అందులో వేగం రెట్టింపు చేయాలంటే నిరోధం నాలుగింతలవుతుంది, అందుకు కావలసిన శక్తి సుమారు ఎనిమిదింతలు. కాబట్టి గట్టిగా కొట్టి గెలుద్దామనుకునేవాడు నీటి చేతిలో ఓడిపోయినట్టే. నీటికి అడ్డం తగ్గించుకోవడమే మార్గం. చూపు కొలను అడుగున ఉండాలి, మెడ వదులుగా ఉండాలి. గాలి పీల్చేటప్పుడు తల లేవకూడదు, భుజాలతో పాటు పక్కకు తిరగాలి. ఒక కన్ను నీళ్లలో, ఒక కన్ను బయట. ముందుకు సాగే తల పక్కన నీరు కాస్త గుంటపడుతుంది. నోరు ఆ గుంటలోకి వస్తే చాలు, ఆకాశం చూడనక్కర్లేదు.

రెండు వైపులా ఊపిరి తీసుకోవాలని, మూడు బారలకు ఒకసారే పీల్చాలని కొందరు కొత్తవాళ్ల నెత్తిన రుద్దుతారు. నాకు నచ్చని పద్ధతి. ఊపిరికే అల్లాడుతున్నవాడికి ఉన్న గాలి కూడా తగ్గిస్తే ఎలా? రెండు బారలకు ఒకసారి పీల్చండి. ఒక లాప్ కుడివైపు, ఒక లాప్ ఎడమవైపు మార్చుకుంటే భుజాలూ సమంగా ఉంటాయి.

ఇక "కాళ్లు గట్టిగా కొట్టండి సార్" అనే కేక. ఎక్కువ దూరం ఈదేవాళ్లను ముందుకు నడిపేది ప్రధానంగా చేతులే. తొడలవి పెద్ద కండరాలు, ఆక్సిజన్‌ను తెగ తాగుతాయి. పైగా ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవాళ్ల చీలమండలు బిగుసుకుని ఉంటాయి. పాదం వెనక్కి చాపుగా వంగదు, మోకాలు వంగి సైకిల్ తొక్కినట్టు అవుతుంది. అలాంటి కాళ్లతో ఎంత గట్టిగా కొడితే అంత అలసట. తుంటి నుంచి చిన్నగా, వదులుగా ఆడిస్తూ కాళ్లు పైన తేలేలా చూసుకుంటే సరిపోతుంది. ఇంటి దగ్గర రోజూ కాసేపు చీలమండలు సాగదీసుకోండి.

చేయి భుజానికి ఎదురుగా నీళ్లలో దిగాలి. తల ముందు నడిగీత దాటి అవతలికి పోతే నడుము పాములా మెలికలు తిరుగుతుంది, భుజం నొప్పి కూడా మొదలవుతుంది. దిగాక మోచేయి పైనే ఉంచి, అరచేయీ ముంజేయీ కలిపి నీటిని వెనక్కి నెట్టాలి. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి బారలు లెక్కపెట్టుకోండి. 25 మీటర్లకు 30 బారలు పట్టేవారికి అదే తీరికతో 25 పట్టాయంటే దారిలో పడ్డట్టే. అలాగని లెక్క తగ్గించడం కోసం చేయి ముందుకు చాచి ఆగిపోవద్దు. ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి కదలాలి, అది ఇంకా ఖరీదు.

స్టామినా అక్కర్లేదని నేననడం లేదు. రావలసిన దారి వేరు. అరగంట ఆపకుండా ఈదమనడం వల్ల చివరి ఇరవై నిమిషాలు తప్పుడు బారలే బాగా అలవాటవుతాయి. 25 మీటర్లు నింపాదిగా ఈది, 20 సెకన్లు ఆగండి. అలా పదహారుసార్లు చేస్తే 400 మీటర్లు. అది తేలికయ్యాక 50 మీటర్లవి ఎనిమిది, ఆ తర్వాత 100 మీటర్లవి నాలుగు. లేదా దూరం అంతే ఉంచి విరామం తగ్గించండి. బార చెదిరిందంటే ఆ రోజుకు ఆపేయాలి. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున ఈదితే వచ్చే ఫలితం ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నానితే రాదు. ఒక మాట మన ఎండల గురించి కూడా. పోటీ కొలనులో నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ నిబంధన. మే నెలలో పైకప్పు లేని మన కొలనుల నీరు సాయంత్రానికి ఎలా ఉంటుందో తెలిసిందే. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. గట్టు మీద మంచినీళ్ల సీసా పెట్టుకోండి, ఆ రోజు టైము చూసుకుని దిగులు పడకండి.

వయసు దాటిపోయిందనేవాళ్లకు గోలి శ్యామల గారి పేరు చెబుతాను. పెద్దయ్యాకే ఈత నేర్చుకుని, నలభైల్లో, 2021లో పాక్ జలసంధిని ఈదిన తెలుగు మహిళ. శ్రీలంక వైపు నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్లు. మనకు అంత అక్కర్లేదు. వరుసగా నాలుగు లాప్‌లు హాయిగా ఈదితే చాలు అనుకునేవాళ్లమే ఎక్కువ.

అందుకు కావలసింది గట్టు మీద నిలబడి పది నిమిషాలు మన ఈత చూసే మనిషి. నేను వెళ్లే చోట వేసవి వస్తే కోచ్‌లంతా పిల్లల శిబిరానికే. పెద్దవాళ్లు ఫీజు కట్టి, ఒక మూల లేనులో ఒకరి కాళ్లు ఒకరు తన్నుకుంటూ ఈదాలి. ఆడవాళ్లకిచ్చిన గంట మరీ అన్యాయం, ఎండ మాడ్చే వేళ. ఈలోగా తోటివారి చేతికి ఫోను ఇచ్చి పక్క నుంచి ఒక లాప్ వీడియో తీయించుకోండి. తల ఎక్కడుందో, కాళ్లు ఎక్కడున్నాయో అందులో దాగదు. నిర్వాహకులకు చెప్పేది ఒక్కటే: వచ్చే వేసవి కరపత్రంలో పెద్దలకు కూడా ఒక బ్యాచ్ వేయండి, వేరుగా ఫీజు పెట్టినా కడతాం. వేళ మాత్రం పొద్దున ఆరులోపు పెట్టండి. తొమ్మిదైతే ఆ గట్టు మీద కాలు పెట్టలేం.