శాలువాలు సరే, ఆ పని గురించి కూడా రాయండి

పని మాన్పించి పిల్లల్ని బడిలో చేర్పించిన శాంతా సిన్హా గారి మీద మీరు వేసిన వ్యాసం చూసి ఆశగా చదివాను. 1998లో పద్మశ్రీ, 2003లో మెగసెసె, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్... అంతా అవార్డులు, పదవుల జాబితానే. ఆవిడ చేసిన పని గురించి నాలుగు ముక్కలు రాయాల్సింది కదా!

1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఆవిడ స్థాపించిన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పట్టుకున్న మాట ఒక్కటే: బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. కార్ఖానాలో పనిచేసేవాళ్లే కాదు, తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంట్లో ఉండిపోయిన అమ్మాయీ, గొర్రెలు కాసే కుర్రాడూ లెక్కలోకి వస్తారు. పేదరికం పోతేగానీ పిల్లలు బడికి రారని చదువుకున్నవాళ్లే వాదించే రోజులవి. పన్నెండేళ్ల పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. అందుకే ముందు బ్రిడ్జి క్యాంపులో, అంటే వెనకబడ్డ చదువు అందుకునేలా నేర్పే శిబిరంలో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించేవారు. తల్లిదండ్రులతో, పనిలో పెట్టుకున్న యజమానులతో మాట్లాడి ఒప్పించడానికి ఆ ఊరి యువకులే తిరిగేవారు. వాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ రాలేదు.

అయినా పేరు రావడం అందరికీ మంచిది కాదులెండి. మా అక్క అంగన్‌వాడీ టీచర్. ఒక బాల్య వివాహం ఆపించినందుకు ఆ ఇంటివాళ్లు రెండేళ్లు మాట్లాడలేదు. స్టేజీ మీద సన్మానం అంటే ఆవిడకు ఇంకా టెన్షన్. మరేం కావాలక్కా అంటే, గౌరవ వేతనం నెలనెలా టైముకు పడితే చాలు అంది.