ఆఫీసు పని మీద వెళ్లొచ్చాం

మా పెద్దదానికి పదేళ్లు, చిన్నోడికి ఆరున్నర. ఈ పదేళ్లలో మేం థీమ్ పార్కులకి ఐదారుసార్లయినా వెళ్లి ఉంటాం గానీ నేను పెద్ద రోలర్‌కోస్టర్ ఎక్కింది మాత్రం ఒక్కసారి కూడా లేదు. మా ఆవిడ పెద్దదాన్ని తీసుకుని రైడ్ ఎక్కుతుంది, నేను చిన్నోడినీ, నాలుగు సంచుల్నీ, రెండు నీళ్ల సీసాల్నీ, ఎవరిదో తెలియని ఒంటి చెప్పునీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంటాను. వాళ్లు దిగాక నా వంతు. చాలా పార్కుల్లో దీనికి చైల్డ్ స్వాప్ అని మర్యాదైన పేరు కూడా ఉంది, రెండోవాళ్లు మళ్లీ మొదట్నించీ లైన్లో నిలబడక్కర్లేదు. ఏర్పాటు బ్రహ్మాండంగానే ఉంది. కాకపోతే సరిగ్గా నా వంతు వచ్చేసరికి చిన్నోడికి బాత్రూమ్ వస్తుంది.

పోయిన సెలవుల్లో పరిస్థితి ఇంకా ముదిరింది. వాడికి తనూ ఎక్కగలనని నమ్మకం వచ్చేసింది. గేటు దగ్గర కొలత బోర్డు పెట్టారు, 120 సెంటీమీటర్లు ఉండాలట. మావాడు 117. మునివేళ్ల మీద లేచాడు, జుట్టు పైకి నిలబెట్టాడు, ఊపిరి బిగబట్టాడు. గేటు దగ్గరి అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. పాపం ఆ అబ్బాయి తప్పేం లేదు, సీటు మీదికి దిగే ఆ ఇనప కడ్డీ ఫలానా సైజు మనిషిని పట్టి ఉంచేలా చేసింది, అంతకంటే చిన్నవాళ్లు దాని కిందనుంచి జారిపోవచ్చు. ఈ ముక్క ఏడుస్తున్న ఆరేళ్ల పిల్లాడికి చెప్పి చూడండి. ఆ ఏడుపు ఆపడానికి నేనొక మాటిచ్చేశాను. "నువ్వు ఎదిగేదాకా మేమూ ఎక్కం నాన్నా, అందరం కలిసే ఎక్కుదాం."

ఆర్నెల్లు తిరక్కుండానే మా ఆవిడ ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, దొంగతనానికి పథకం వేసినట్టు గొంతు తగ్గించి, "ఏమండీ, మనిద్దరమే వెళ్దామా?" అంది. నేను కనీసం ఒక్క నిమిషమైనా ఆలోచించినట్టు నటించాల్సింది. నటించలేదు.

పిల్లల్ని అమ్మమ్మ దగ్గర దింపాం. ఆఫీసు పని మీద వెళ్తున్నామని చెప్పాం. మా ఇద్దరివీ వేరు వేరు ఆఫీసులు. ఈ లొసుగు దారిలో సగం దూరం వెళ్లాక గానీ మాకు తట్టలేదు.

గేటు ఇంకా తెరవకముందే చేరుకున్నాం. పిల్లలు లేకపోతే మనిషి ఇంత తొందరగా తయారవగలడా అని నాకే ఆశ్చర్యమేసింది. బండి దిగగానే మా ఆవిడ నా మొహం కూడా చూడకుండా, "బాత్రూమ్‌కి వెళ్లొచ్చావా? లోపల లైన్లో నిలబడ్డాక అడిగితే ఊరుకోను" అంది. పన్నెండేళ్ల కాపురంలో ఆవిడ నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. నేను కూడా బుద్ధిగా వెళ్లొచ్చాను. టికెట్ల దగ్గర నా వంతు వచ్చింది, "నలుగురు" అన్నాను. కౌంటర్లో అమ్మాయి నా వెనక్కి తొంగి చూసింది. నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది, ఇద్దరు తప్పిపోయారని.

లోపలికి వెళ్లాక ఎటు వెళ్లాలో తోచలేదు. ఎవరూ చెయ్యి పట్టి లాగడం లేదు. రంగులరాట్నం ఎదురుగా ఖాళీ బెంచీ కనిపిస్తే అలవాటుగా వెళ్లి కూర్చున్నాను. మా ఆవిడ నడుం మీద చేతులేసుకుని చూస్తోంది. బెంచీని అంత తక్కువ చేసి చూడకు అన్నాను. వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకి ఇద్దరు కూతుళ్లనీ తీసుకెళ్లి, వాళ్లు రంగులరాట్నం ఎక్కితే తను ఇలాగే బెంచీ మీద కూర్చునేవాడట, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఎందుకుండకూడదు అని అక్కడే అనిపించిందట, 1955లో డిస్నీల్యాండ్ తెరిచాడు. "ఆయన బెంచీ మీద కూర్చుని డిస్నీల్యాండ్ కట్టాడు, మీరు బెంచీ మీద కూర్చుని నా చున్నీ పోగొట్టారు, లేవండి" అంది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. పదేళ్లు బయట కూర్చుని ఫోన్లో చదివీ చదివీ, రోలర్‌కోస్టర్ల గురించి నాకు తెలియంది లేదు, ఎక్కడం తప్ప. గంట సేపు లైన్లో నిలబడాల్సి వచ్చింది కాబట్టి ఆ పాండిత్యమంతా మా ఆవిడ మీద కుమ్మరించాను. రైలుకి ఇంజిన్ ఉండదు తెలుసా, గొలుసు పట్టుకుని పైకి లాగి వదిలేస్తుంది, ఆ తర్వాతదంతా భూమ్యాకర్షణే. ఎక్కేటప్పుడు టక టక టక మని వినిపించేది, గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కెం చప్పుడు. 1884లో కోనీ ఐలండ్‌లో థాంప్సన్ అనే ఆయన పెట్టినదైతే గంటకి ఆరు మైళ్ల వేగంతో వెళ్లేది, పైగా ఆ చివర జనం దిగితే పనివాళ్లు బండిని పక్క పట్టాల మీదికి నెట్టేవాళ్లు, మళ్లీ ఎక్కి వెనక్కి రావాలి. "అదే బాగుంది కదండీ, మనం దానికెళ్దాం" అంది మా ఆవిడ. ఆవిడ చూపు పైన తలకిందులుగా వెళ్తున్న జనం మీద ఉంది.

భయపడుతోందని నాకర్థమైంది, ధైర్యం చెబుదామని ఇంకో నాలుగు ముక్కలు చెప్పాను. ఆ లూప్ గుండ్రంగా ఉండదు చూడు, నీటిబొట్టులా పైన సన్నగా ఉంటుంది, 1895లో గుండ్రటిది కడితే ఎక్కినవాళ్ల మెడలు దెబ్బతిన్నాయి, అందుకని. పట్టాల కింద కూడా చక్రాలుంటాయి, 1919లో జాన్ మిల్లర్ అనే ఇంజనీరు పేటెంట్ తీసుకున్నాడు, రైలు గాల్లోకి లేచిపోకుండా. "లేచిపోతుందా?" అంది. నేను ఆపేయాల్సింది. వెనక సీట్లయితే ఇంకా మజా, ముందు పెట్టెలు దిగుతూ వెనకవాళ్లని శిఖరం మీదనుంచి బరబరా లాగేస్తాయి, ఒళ్లు సీట్లోంచి లేస్తుంది అని కూడా చెప్పాను. మాకు దొరికింది ఆఖరి వరస.

కళ్లజోడు తీసి లాకర్లో పెట్టమన్నారు. అంటే నేను చూసింది ఏమీ లేదు, విన్నదే. కడ్డీ దిగింది. టక, టక, టక. కొక్కెం అద్భుతంగా పనిచేస్తోంది. పైకి చేరాక ఆ చప్పుడు ఆగిపోయింది, ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ నెమ్మదిగా అడిగింది, "వీలునామా లాంటిదేమైనా రాశారా?" జవాబు చెప్పడానికి నోరు తెరిచాను, ఆ తెరిచిన నోరు మళ్లీ కింద స్టేషన్లో మూతపడింది. మధ్యలో ఏమైందో నన్నడగొద్దు. పదేళ్లు చదివినదాంట్లో ఒక్క అక్షరం గుర్తు రాలేదు, ఎవరో పక్కన "అమ్మా అమ్మా" అని అరుస్తున్నారనుకున్నాను, తీరా చూస్తే నేనే.

బయటికొచ్చే దారిలో తెరల మీద అందరి ఫోటోలూ వేస్తారు కదా, అక్కడ మాది చూసుకున్నాం. మిగతా వరసల్లో జనం చేతులు పైకెత్తి ఉన్నారు. మా వరసలో మా ఆవిడ ఎడమ చెయ్యి నా గుండెల మీద అడ్డంగా ఉంది, బండికి బ్రేకు వేసినప్పుడు పక్కన పిల్లలుంటే మనకి తెలియకుండానే పోతుందే, అలా. నా కుడి చెయ్యి ఆవిడ మీద అడ్డంగా ఉంది. ఇద్దరి కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఇద్దరు పెద్దవాళ్లు, ఒకళ్లనొకళ్లు పడిపోకుండా ఆపుతున్నారు, మధ్యలో అంత పెద్ద ఇనప కడ్డీ ఉండగా. ఫోటో కొనలేదు, దొరికితే సాక్ష్యం అవుతుందని.

ఇంత చేసి నన్ను పడగొట్టింది అది కాదు, కప్పులు. చిన్నపిల్లలు ఎక్కే గిరగిరా తిరిగే కప్పులు. కాస్త తేరుకుందాం, ఇందులో ఏముందిలే అని ఎక్కాం. రెండు నిమిషాలు. దిగాక నేను గేటు వైపు నడిచాను, నా కాళ్లు పూలకుండీ వైపు నడిచాయి. మన చెవి లోపల గొట్టాల్లో ద్రవం ఉంటుంది, తిరిగి తిరిగి ఆగినా అది కాసేపు కదులుతూనే ఉంటుంది, మెదడేమో ఇంకా తిరుగుతున్నామనుకుంటుంది. ఇది కూడా నేను చదివిందే. ఆ పూలకుండీని కౌగిలించుకుని మా ఆవిడకి వివరించబోయాను కూడా. నాలుగేళ్ల పాప ఒకతి నా పక్కనుంచి గెంతుకుంటూ వెళ్లి మళ్లీ లైన్లో నిలబడింది.

అసలు కథ నీళ్ల రైడ్ దగ్గర జరిగింది. దుంగలాంటి పడవలో కూర్చోబెట్టి పైనుంచి నీళ్లలోకి వదులుతారు. "కొంచెం చిలకరిస్తాయంతే" అన్నాడు ముందున్నాయన. ఆయన మీద చిలకరించాయి, నా మీద చెరువు పడింది. తల నుంచి సాక్సుల దాకా పొడి దారం లేదు. మా ఆవిడ మాత్రం ఏమీ కంగారు పడలేదు, ఆవిడ ఏర్పాట్లు ఎప్పుడూ పక్కాగా ఉంటాయి. "మార్చుకోవడానికి బట్టలు తెచ్చాను" అని సంచి జిప్పు లాగింది. లాగి, లోపలికి చూసి, అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక్కొక్కటే తీసి బెంచీ మీద పెట్టింది. ఆరేళ్ల సైజు టీషర్టు ఒకటి. పదేళ్ల సైజు గౌను ఒకటి. రెండు జతల బుజ్జి సాక్సులు. దగ్గు మందు సీసా. ఆఖరున, చిన్నోడి డైనోసార్ తువ్వాలు, తలమీద టోపీలా వేసుకుంటే పైన పచ్చటి కొమ్ములూ, వెనక చిన్న తోకా ఉంటాయి. పొద్దున్నే నిద్రమత్తులో పదేళ్ల అలవాటు కొద్దీ చేతులు సర్దుకుంటూ పోయాయట, బుర్ర లేవలేదట.

చలి పెడుతోంది. గాలి వేస్తోంది. అభిమానం ఎంతసేపు ఉంటుంది చెప్పండి? తువ్వాలు కప్పుకున్నాను. టోపీ నా తలకి సగమే వచ్చింది, కొమ్ములు మాత్రం చక్కగా నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది, వీడియో కాల్. మా ఆవిడ అలవాటుగా ఎత్తేసింది.

"అమ్మా, వెనకాల అందరూ ఎందుకు అరుస్తున్నారు?" పెద్దది.

"మీటింగ్ జరుగుతోందమ్మా."

"మీటింగ్‌లో అరుస్తారా?"

"మా ఆఫీసులో అంతే." నిజానికి ఇది అబద్ధం కూడా కాదు.

నేను తప్పుకుందామని పక్కకి జరిగాను. తప్పు దిక్కుకి జరిగాను. ఫోన్లోంచి చిన్నోడి గొంతు వినిపించింది, "నాన్న నెత్తి మీద ఏంటి?" మా ఆవిడ బొటనవేలు కెమెరా మీద పడింది. "సిగ్నల్ లేదు కన్నా, మళ్లీ చేస్తాం" అంది. ఫోన్ పెట్టేశాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. వాళ్లకి మా మీద బెంగేం లేదనీ, బొమ్మల ఛానల్ మధ్యలో ప్రకటనలొస్తే ఫోన్ చేశారనీ తర్వాత అమ్మమ్మ చెప్పింది.

సాయంత్రానికి బట్టలు ఒంటి మీదే ఆరాయి. జెయింట్ వీల్ ఎక్కాం. మా డబ్బా సరిగ్గా పైకి వెళ్లి ఆగింది, కింద దీపాలు వెలుగుతున్నాయి, చల్లగా ఉంది, అసలు మేం వచ్చింది ఇలాంటి ఐదు నిమిషాల కోసమే. ఏదైనా బాగుండే మాట చెప్పాలనిపించింది. 1893లో షికాగోలో ఫెర్రిస్ కట్టిన మొట్టమొదటి చక్రం 264 అడుగుల ఎత్తు, 36 డబ్బాలు, ఒకేసారి 2,160 మంది ఎక్కొచ్చు అన్నాను. మా ఆవిడ కిందికి చూస్తూ ఆలోచించి, "అంతమందిలో మనవాళ్లు తప్పిపోతే ఎలా?" అంది. ఆ తర్వాత కిందికి దిగేదాకా చిన్నోడి ఎక్కాల గురించే మాట్లాడుకున్నాం. ఏడో ఎక్కం దగ్గర ఇరుక్కుపోయాడట.

మర్నాడు పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చాం. మా ఆవిడ సంచి విప్పడం మరిచిపోయింది, చిన్నోడు మరిచిపోలేదు. తువ్వాలు బయటికి లాగాడు. ఇంకా చెమ్మగానే ఉంది, తోక దగ్గర పిండితే నీళ్లొచ్చేలా ఉంది. వాసన చూశాడు. నా వైపు చూశాడు. వాళ్లమ్మ వైపు చూశాడు. మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. తువ్వాలు నా చేతిలో పెట్టి, మా ఇంట్లో ఎత్తులు గీసుకునే తలుపు దగ్గరికి వెళ్లి, వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"కొలువు నాన్నా."

పెన్సిల్ తెచ్చాను. మడమలు కింద ఆనించాడో లేదో చూడలేదు, జుట్టు కూడా పెద్దగా అణచలేదు. టేపు పెట్టి చూస్తే 119.

"ఇంకొక్కటే కదా?" అన్నాడు.

"ఒక్కటే."

"అయితే ఈసారి మీ ఆఫీసు పనికి నేను కూడా వస్తా."