రామప్ప ప్రచారానికి పెట్టే సొమ్ము ఎక్కడ ఖర్చు కావాలి?

పాలంపేట రామప్ప గుడికి 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కినప్పటి నుంచి దానికి ప్రచారం కొరవడిందని ఎవరూ అనలేరు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీదారులను ప్రభుత్వం ఓరుగల్లుకు, రామప్పకు తీసుకొచ్చినప్పుడు ఆ దృశ్యాలు దేశదేశాలకు చేరాయి. కానీ ఆ తర్వాతి చర్చంతా కాకతీయ శిల్పాన్ని వదిలేసి, అతిథుల కాళ్లు కడిగించిన తీరు చుట్టూనే తిరిగింది. ప్రజాధనంతో నలుగురి దృష్టినీ ఇటు తిప్పగలం గానీ, ఆ దృష్టి దేనిపై నిలుస్తుందో శాసించలేం. అందుకే ప్రచార నిధుల్లో పెద్ద వాటా దూరాన ఉన్నవారిని పిలవడానికి కాక, వచ్చినవారికి వివరించడానికి, వారిని ఒక రాత్రి ఇక్కడ నిలపడానికి ఖర్చు కావాలని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్ నుంచి కారులో వచ్చే కుటుంబం వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు చూసుకుని, హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని రామప్పకు వెళ్లి, చీకటి పడకముందే తిరుగుముఖం పడుతుంది. చూరు కింద నల్లరాతి మదనికల్లో, అంటే స్త్రీ శిల్పాల్లో, ఒకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయని పక్కనుండి చూపించేవారు లేకపోతే చాలామంది తల కూడా ఎత్తరు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేంత తేలికైనవని, 1213 నాటి శాసనం గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి పేరు చెబుతుందని, నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించడానికి ఇక్కడి నాట్య భంగిమలు ఆధారమయ్యాయని తెలిస్తే అదే కుటుంబం మరో రెండు గంటలు ఆగుతుంది. అలా ఆగినవారే దగ్గరలోని లక్నవరం సరస్సు వద్ద బస చేయాలా అని ఆలోచిస్తారు.

నిర్మాణాలకు నిధులు రాకపోలేదు. తీర్థక్షేత్రాల్లో వసతులు పెంచే కేంద్ర ప్రభుత్వ ‘ప్రసాద్’ పథకం కింద దాదాపు 62 కోట్ల రూపాయల పనులకు 2022 డిసెంబరులో రాష్ట్రపతి శంకుస్థాపన చేశారు. రామప్ప ప్రాంత సర్క్యూట్‌కు 2024లో మరో 74 కోట్ల దాకా మంజూరైంది. భవనాలు లేస్తాయి, మంచిదే. వాటిలో నిలబడి మాట్లాడే మనిషికి జీతం ఏ పద్దు నుంచి వస్తుందన్నదే ప్రశ్న. ములుగు, వెంకటాపూర్ యువతకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి నెలవారీ వేతనం చెల్లించడం నా లెక్కలో ప్రచార వ్యయమే, ఎందుకంటే చూసి వెళ్లినవారి నోటి మాటను మించిన ప్రకటన లేదు.

దానికి మేడారమే సాక్ష్యం. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షలాది జనం వచ్చేది హోర్డింగులు చూసి కాదు. వారిలో ఎంతోమంది ములుగు మీదుగానే వెళతారు. ఆ రోజుల్లో జాతర బస్సులతో పాటు రామప్పకు ప్రత్యేక ఆర్టీసీ సర్వీసులు, దారిలో సమాచార కేంద్రాలు నడపడానికి అయ్యే ఖర్చు మహానగరాల్లో ఇచ్చే ప్రకటనల ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

ఇక భారీ వేడుకలు జరిపితే జరపవచ్చు. అయితే ప్రతి వేడుక ముగిశాక ఎంత వెచ్చించారు, తర్వాతి ఏడాదిలో ఇక్కడ రాత్రి బసలు ఎంత పెరిగాయి అన్న లెక్కను పర్యాటక శాఖ శాసనసభ ముందుంచాలి. ఆ లెక్క చూశాకే తదుపరి కేటాయింపుపై ఓటు జరగాలి.