మీ అసలు బరువెంత, రిమ్ము గారూ?

మహారాజశ్రీ తేలికపాటి సైకిలు రిమ్ము గారికి, విశాఖపట్నం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరు మా వరండాలో గోడకు ఆనుకొని నా కళ్లెదుటే క్షేమంగా ఉన్నారు గనుక ఆ ముక్క అడగనక్కర్లేదు. నేరుగా విషయానికి వస్తాను. మీ బరువెంత?

ఈ సందేహం ఇవాళ మధ్యాహ్నం కొరియర్ ఆఫీసులో పుట్టింది. మీ ఒంటి మీద స్టిక్కరు ఆరు వందల గ్రాముల లోపే అంటోంది. కొరియర్ వాళ్ల రసీదు 7.2 కిలోలు అంటోంది. పార్శిల్ విడిపించుకోవాలంటే ఆ తేడా నేనే కట్టాలట. పొరపాటున ఎవరిదో రుబ్బురోలు నా పేరు మీద వచ్చిందేమోనని పెట్టె ఊపి చూశాను. మీరే. కౌంటరు వెనక అబ్బాయి ఎంతో ఓపికగా చెప్పాడు: "తూకం కాదు సార్, పెట్టె కొలత." పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. మీ పెట్టె 60, 60, 10. మీరే భాగించి చూసుకోండి, వరండాలో వేరే పనేమీ లేదు కదా. అంటే మీ నడుమ ఉన్న ఖాళీకి, ఏమీ లేని ఆ గుండ్రటి చోటుకు, నేను కిలోల లెక్కన డబ్బు కట్టాను. సంతకానికి పెన్ను కూడా నేనే తెచ్చుకోవాలట. దాని మీద ఇంకో లేఖ రాస్తాను.

సరే, వాళ్ల గణితం వాళ్లది. మా సందు చివర కిరాణా కొట్టు ఉంది. పల్లీలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద మిమ్మల్ని కూర్చోబెట్టాను. కొట్టు బాబాయ్ కందిపప్పు పొట్లాలు పక్కకు జరిపి మరీ చోటిచ్చాడు. స్టిక్కరు మీది అంకె కంటే యాభై గ్రాములకు పైగా ఎక్కువ! తిరగేసి పెట్టాను. అంతే. మిమ్మల్ని దించి, మళ్లీ సున్నా చేసి, మళ్లీ ఎక్కించాను. అంతే. కాటాలోనే తప్పుందేమోనని ఆయన అరకిలో గుండు పెట్టి చూపించాడు. అది సరిగ్గా అరకిలోయే తూగింది. తూనికలు కొలతల శాఖ వాళ్లు వచ్చి ముద్ర వేసి వెళ్లిన కాటా అది. దానికి మీ మీద పగ ఏముంటుంది?

"ఎంత పెట్టి కొన్నావు?" అని అడిగాడాయన. నేను చెప్పలేదు.

మీ తరఫు వాదన నాకు తెలుసు. తయారీలో అటూ ఇటూ అవుతుంది, నూటికి ఐదు పాళ్లు లెక్కలోకి రాదు అంటారు. బాగుంది. అటూ ఇటూ అన్నప్పుడు ప్రతిసారీ బరువు వైపే ఎందుకు ఒరుగుతుందో కూడా సెలవివ్వండి. చెప్పరు గనుక నేనే చెబుతాను. అల్యూమినియం దిమ్మెను వేడి చేసి అచ్చు సందులోంచి నెట్టి, ఆ వచ్చిన కడ్డీని గుండ్రంగా చుట్టి, చివరలు అతికితే మీరు. నెట్టిన కొద్దీ అచ్చు అరుగుతుంది. అచ్చు అరిగితే సందు పెద్దదవుతుంది, మీ గోడలు మందమెక్కుతాయి. స్టిక్కరు మీద అంకె మాత్రం అచ్చు కొత్తగా ఉన్న నాటిదేనని నా అనుమానం. పెళ్లిచూపులకు పదేళ్ల కిందటి ఫోటో పంపినట్టుంది వ్యవహారం.

బాబాయ్ ఊరుకోలేదు. "ఆ యాభై గ్రాములేవో నువ్వే తగ్గొచ్చు కదయ్యా" అన్నాడు. నేను సైకిలు తీసిన రోజు నుంచీ ఇది అందరూ ఉచితంగా ఇచ్చే సలహాయే. అయ్యా, నా పొట్ట తిరగదు. రిమ్ము తిరుగుతుంది. చక్రం అంచున ఉన్న ఒక్క గ్రాము ముందుకూ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకే దాన్ని కదిలించడానికి దాదాపు రెండు గ్రాములకు సరిపడా శక్తి పోయాలి. ఈ ముక్క చెప్పి ఆయన నోరు మూయించాను.

మీ దగ్గర మాత్రం నిజం దాచను. నాది ట్రయల్స్, అంటే కాలు కింద పెట్టకుండా సైకిలు మీద రాళ్లూ రప్పలూ దాటే ఆట. అందులో సగం సేపు బ్రేకు బిగించి వెనక చక్రం మీద గెంతడమే. అప్పుడు మీరు కూడా తిరగరు. అప్పుడు మీ గ్రాముకూ నా పొట్ట గ్రాముకూ తేడా లేదు. బ్రేకు వదిలి, పెడలు మీద ఒక్క తన్ను తన్ని, ఎదుటి రాయి మీదికి ఎగిరే ఆ రెప్పపాటులోనే మీ తేలికకు రెండింతల విలువ. తెన్నేటి పార్కు కింద, 2020లో ఎం.వి. మా అనే ఓడ కొట్టుకొచ్చి కూర్చున్న ఒడ్డున, ఒక ఖోండలైటు రాయి ఉంది. దాని అంచు నా వెనక చక్రానికి ఎప్పుడూ ఒక వేలెడు దూరంలో అందకుండా పోతుంది. ఆ వేలెడు కోసం మిమ్మల్ని సముద్రాలు దాటించి రప్పించాను.

మా ఊరి సంగతి కూడా మీకు తెలియాలి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పోరాడి ప్రాణాలిచ్చి కర్మాగారం తెచ్చుకున్నాం. ఇక్కడ ఏ సైకిలు షాపులో తేలిక రిమ్ము అడిగినా ఇనుప రిమ్మే తెచ్చి, దాని మీద ఎక్కి నిలబడి చూపిస్తారు. పోనీ అల్యూమినియం మాకు కొత్తా అంటే, అదీ కాదు. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో కంపెనీ తీసే అల్యూమినా, అంటే అల్యూమినియానికి ముడిసరుకు, తెల్లటి పొడిగా రైలెక్కి మా రేవుకే వస్తుంది, ఇక్కడి నుంచే ఓడ ఎక్కి దేశాలు పోతుంది. మీ వంశంలో ఎవరో ఒకరు మా ఊరి మీదుగానే వెళ్లి ఉంటారు. అలా పొడిగా వెళ్లిన వాళ్లు ఇలా కస్టమ్స్ రసీదుతో, చిల్లులతో, 7.2 కిలోల పెద్దమనుషులుగా తిరిగొస్తే మేం దండలు వేసి తీసుకెళ్లాలి.

మిగతా అవమానాలు మీ ఒక్కరివి కావు గనుక గబగబా చెప్పేస్తాను. డాబాగార్డెన్స్‌లో 26 అంగుళాల రిమ్ము అడిగితే ఒకాయన ఇంకేదో తెచ్చిచ్చాడు. అదీ 26యేనట. టైరు కూర్చునే చోట కొలిస్తే అది 590 మిల్లీమీటర్లు. నాకు కావలసింది 559. మధ్యలో 584 అని ఇంకొకటి ఉంది, దాన్నీ 26 అనే పిలుస్తారు. ఈ పేర్లు పెట్టిన మహానుభావుడికి సంతానం ఉంటే పిల్లలందరికీ ఒకే పేరు పెట్టి ఉంటాడు. పై వాటా తాతగారు సీటే ఉండని నా ట్రయల్స్ సైకిలు చూసి "సీటు ఎవరెత్తుకెళ్లారు?" అని ఇప్పటికీ విచారిస్తూనే ఉన్నారు. స్పోకుల సంగతి సరేసరి. స్పోకు పొడవు లెక్కగట్టడానికి కావలసిన లోపలి వ్యాసం మీ స్టిక్కరు మీద లేదు. బరువు మాత్రం తాటికాయంత అక్షరాలతో ఉంది. రెండు పాత స్పోకులు కత్తిరించి, నిపిళ్లు (స్పోకును రిమ్ముకు బిగించే బుల్లి మరలు) ఎక్కించి, మీ ఎదురెదురు రంధ్రాల్లోంచి లాగిపట్టి నేనే కొలుచుకున్నాను. పాతవి పనికిరావు, పొడుగు. సరిపోయేవి సోమవారం వస్తాయన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు.

ఇక మీ చిల్లుల దగ్గరకు వద్దాం. తేలికంటే వెడల్పు కోసేయవచ్చు. కానీ సన్నటి రిమ్ము మీద 20 పీఎస్ఐ చుట్టుపక్కల గాలి పెట్టి రాతి మీదికి అడ్డంగా దూకితే టైరు పక్కకు మడత పడుతుంది. అందుకని 47 మిల్లీమీటర్ల వెడల్పు ఉంచి, స్పోకుకూ స్పోకుకూ మధ్య పెద్ద పెద్ద చిల్లులు పొడిచారు. తెలివైన పనే. చిల్లు ఉన్న చోట లోహం ఉండదు, బరువు ఉండదు. కానీ చిల్లు ఉన్న చోట ట్యూబు బయటికి ఉబుకుతుంది. దాన్ని ఆపడానికి గట్టి గుడ్డ టేపు చుట్టాలి. దాని బరువు ఎవరిది? మీకున్నది ఒంటి గోడ, లోపల రెండో పొర లేదు. రాతి అంచు తగిలితే ట్యూబు రెండు అంచుల కింద నలిగి జంట చిల్లులు పడతాయి. అందుకని మందం ట్యూబు. దాని బరువు? ఆ ట్యూబుకు తోడు గట్టి గోడల టైరు. దానిది? అల్యూమినియం నిపిళ్లు వేసుకొని కాస్త తగ్గించుకో అంటారు. ఇత్తడి వాటిలో మూడో వంతు బరువే, నిజమే. కానీ బీచ్ రోడ్డు ఉప్పు గాలి వాటిని తిని, స్పోకుకు పట్టేసేలా చేస్తుంది. బెండు తీద్దామని కీ పెట్టి తిప్పితే తల ఊడి చేతికొస్తుంది. కాబట్టి ఇత్తడివే.

మీరు వదిలించుకున్న ప్రతి గ్రామునూ నేను పక్క దారిలో లోపలికి పిలుచుకుంటున్నాను. అదీ నా డబ్బుతో.

పైగా మీ నున్నటి పక్కగోడలు! నా బండికి మాగురా హెచ్‌ఎస్33, రిమ్మును పట్టే బ్రేకు. నున్నటి రిమ్ము మీద ప్యాడు జారుతుంది, పొద్దున్న సముద్రపు చెమ్మకు మరీనూ. అందుకని గ్రైండర్‌తో మీ పక్కలు గీరి గరుకు చేయాలి. ఆటోనగర్ వెల్డింగ్ షాపు మేస్త్రీకి ఫోను చేసి ఖర్చు అడిగితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొత్తదా సార్?" అన్నాడు. కొత్తదే అన్నాను. "మరి పాడు చేయడం దేనికి?" అన్నాడు. చాలా గౌరవంగా అడిగాడు, అదే బాధ. ఒంటి గోడ, చిల్లులు, ఆపైన గ్రైండర్. ఈ లెక్కన ఆ యాభై గ్రాములూ గీకుడులో పోతాయేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

అసలు నన్ను కాల్చేది ఆ యాభై గ్రాములు కాదు. ఎక్కువుంటే ఎక్కువని రాయొచ్చుగా? ఎవడు కాదన్నాడు? ఆ అంకె చూసే నిన్ను ఎంచుకున్నాను. పక్కనే ఇంకో రిమ్ము ఉంది, నీకంటే ముప్ఫై గ్రాములు ఎక్కువని రాసుకుంది, ధరా తక్కువే. నిజం రాసుకున్నందుకు దాన్ని వదిలేసి, అబద్ధం రాసుకున్న నిన్ను నెత్తిన పెట్టుకున్నాను. దాన్ని తూచితే ఇరవై గ్రాములు నువ్వే బరువు తేలతావు! ఇది అటూ ఇటూనా? ఇది నూటికి ఐదా? కిలో చక్కెరలో యాభై గ్రాములు తగ్గితే మా వీధిలో కాటా ఎత్తి రోడ్డు మీద పడేస్తారు, తెలుసా నీకు?

క్షమించాలి. మీరు అతిథులు.

పాత రిమ్మును కూడా తూచాను. బాబాయ్ ఈసారి ఏమీ అనకుండా కాటా నా వైపు తిప్పాడు. చిల్లులు లేవు, పక్కగోడల మీద పాత గ్రైండరు గీతలు, ఒకచోట రాయి కొట్టిన సొట్ట. దాని మీద బరువు ఎక్కడా రాసి లేదు. ఎంత ఉందో అంతే తూగింది. కొత్త టేపు, మందం ట్యూబు లెక్కేసుకుంటే దానికీ మీకూ మిగిలే తేడా నలభై గ్రాములు కూడా లేదు.

అయినా మిమ్మల్నే కట్టిస్తాను. ఎందుకంటే ఇందాక వరండాలోంచి తీసి, అంచు పట్టుకొని ఒక్కసారి గిర్రున తిప్పి చూశాను. చేతికి తేలికగానే ఉన్నారు, అబద్ధమాడను. ఆ రాయి అంచు అందుతుందో లేదో స్పోకులు వచ్చాక చూద్దాం. స్టిక్కరు మాత్రం గోరుతో గీకేశాను. సగం ఊడి జిగురు మరక మిగిలింది. ఆ మరక బరువు కూడా మీ ఖాతాలోనే రాసుకోండి.

ఇట్లు,
గాలికి కిలోల లెక్కన ఛార్జీ కట్టిన,
మీ విధేయుడు