బూరె దినారియస్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ దినారియస్ గారికి,

లండన్‌లో ఉంటున్న నల్గొండ వాసి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

నా కుశలం సంగతి తర్వాత చెప్తాను. మీ కుశలం ఎలా ఉందో నాకు ఈ పొద్దున్నే తెలిసింది. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ వెండి నాణెమని పోయిన శనివారం కొన్న మిమ్మల్ని, కాఫీ పొడి తూచుకునే చిన్న కాటా మీద కూర్చోబెట్టాను. 2.9 గ్రాములు. మీ కాలం వాళ్లంతా మూడున్నర దాటి, నాలుగుకి కాస్త ఇవతల దిట్టంగా ఉంటారు కదా, మీరొక్కరే ఇలా చిక్కిపోయారేమిటని ముందు జాలిపడ్డాను. రెండు వేల ఏళ్ల అరుగుదల అని సర్దిచెప్పుకున్నాను. ముఖం మీద జుట్టు పాయలు, తల మీద ఆకుల దండ, సన్నటి పెదవులు, అన్నీ నిన్న కొట్టినంత స్పష్టంగా ఉంటే ఆ అరిగిందేదో ఎక్కడ అరిగిందని మాత్రం అడగలేదు. అప్పటికింకా మీ మీద గౌరవం ఉంది.

తర్వాత భూతద్దం తీశాను. మెడ కింద, సరిగ్గా అంచు దగ్గర, ఆవగింజంత పచ్చ మచ్చ. మంచి వెండి పాతబడితే నల్లబడుతుంది. పచ్చబడేది రాగి. ఇది తెలియడానికి నాణేల పుస్తకాలు అక్కర్లేదు, మా పూజ గూట్లో చెంబును నాలుగు రోజులు తోమకపోతే చాలు.

అంతే, కోటు వేసుకుని బయల్దేరాను. శనివారం కాబట్టి పట్టాల పని. రైలు లేదు, బస్సెక్కమన్నారు. గంటలో చేరాల్సిన చోటికి రెండున్నర గంటలు. మిమ్మల్ని కొన్న దుకాణంలో నా ముందున్నాయన వాళ్ల తాతగారి నాణేల పళ్లెం మొత్తం తెచ్చి ఒక్కొక్కటే బేరమాడి అమ్ముతున్నాడు. ఇంకో గంట. నా వంతు వచ్చేసరికి రైలు కోపం, బస్సు కోపం, తాతగారి కోపం అన్నీ కలిపి మీ మీదికి తెచ్చుకుని ఉన్నాను.

"నిజమైనదని జీవితకాలం హామీ ఇచ్చారు కదా" అన్నాను.

ఆ డీలర్ పెద్దమనిషి చాలా మర్యాదస్థుడు. "ఇచ్చాను. ఇప్పుడూ ఇస్తున్నాను. ఇది నిజమైన పురాతన నాణెమే. రోమన్ల కాలంలో రోమన్ల చుట్టుపక్కల ఎవరో చేసిన దొంగ నాణెం. నాణెంతో పాటు ఇచ్చిన టికెట్ మీద రాశాను చూడండి" అన్నాడు.

చూశాను. పెన్సిల్‌తో, చీమ కాళ్లంత అక్షరాలు. టైబీరియస్ (మీ మీద బొమ్మ ఉన్న రోమన్ చక్రవర్తి), దినారియస్, ఆ తర్వాత ఒక మాట: ఫూరే.

ఆ మాట నేను పోయిన శనివారమే చదివాను. చదవకపోవడం కాదు నా తప్పు. ఫూరే అంటే ఎవరో ఫ్రెంచి దొరగారు అనుకున్నాను. ఆయన దగ్గరి నుంచి వచ్చిన నాణెం అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడతో "ఇది ఫూరే గారి సేకరణలోది" అని చెప్పాను. వాట్సాప్ గ్రూపులో కూడా అలాగే పెట్టాను. నలభై మందిలో ఒక్కరూ నోరెత్తలేదు. ముగ్గురు దండం బొమ్మ పెట్టారు. టైబీరియస్ దినారియస్ రెండు వందల పౌండ్లు పలికేచోట 95కే దొరికిందంటే, పాపం ముసలాయన ధర మర్చిపోయి ఉంటాడని, నేనే ఆయన్ని మోసం చేశానని వారం పాటు లోలోపల సిగ్గుపడ్డాను కూడా. ఆ సిగ్గు నాకు తిరిగి కావాలి.

ఫూరే అంటే ఫ్రెంచిలో లోపల ఏదో కూరినది అని అర్థమట. అంటే బూరె. దీనికి ఫ్రెంచి ఎందుకయ్యా, తెలుగులో రాసి ఉంటే చచ్చినా కొనేవాణ్ని కాదు. లోపల రాగి పూర్ణం, పైన వెండి తొడుగు. రాగి బిళ్లకి పల్చటి వెండి రేకు చుట్టి, వేడి చేసి అతికించి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. మా అమ్మ చేసే బూరెల్లో పూర్ణం బయటికొచ్చిందంటే ఆ వాయి పాడైనట్టే. మీ పూర్ణం బయటికి రావడానికి ఇన్ని వందల ఏళ్లు పట్టింది. పనితనంలో వంక పెట్టలేను, అదే నా కడుపు మంట.

పైన పటారం లోన లొటారం అని మావాళ్లు అంటే ఏదో మాటవరసకి అనుకునేవాణ్ని. ఇంత అక్షరాలా నిజమని అనుకోలేదు.

మీ మీదున్న ఆయన గురించి కూడా రెండు ముక్కలు చెప్పనివ్వండి. క్రీ.శ. 14లో గద్దెనెక్కినప్పుడు ఆయనకి 54 ఏళ్లు. 37లో పోయేనాటికి 77. ఈ మధ్యలో వెండి మీద దాదాపు ఒకటే బొమ్మ, ఒకటే రాత. రోమ్ వదిలి కాప్రీ దీవిలో కూర్చున్నాక కూడా అదే నున్నటి చెంప. మా ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీల మీద నాయకుల ముఖాలు ఇలాగే ఉంటాయి, ఎన్నికలు మారినా ఫొటో మారదు. ముందువైపు "దివ్యుడైన అగస్టస్ కుమారుడు" అని రాత. అగస్టస్ అంటే ఈయనకి ముందటి చక్రవర్తి. కడుపున పుట్టిన కొడుకు కాదు, దత్తత. వెనకవైపు కుర్చీలో కూర్చున్నావిడని ఆయన తల్లి లివియా అని కూడా అంటారు. క్రీ.శ. 29లో ఆవిడ పోతే అంత్యక్రియలకి కూడా వెళ్లని కొడుకు ఈయన. నాణెం మీద మాత్రం అమ్మ ఒక పక్క, అబ్బాయి ఒక పక్క. ఇంత బొంకు పైనే కనిపిస్తున్నప్పుడు లోపల రాగి ఉంటుందని నేనే ఊహించుకోవాల్సింది.

మీ పేరు సంగతి సరేసరి. దినారియస్ అంటే ఆస్ అనే రాగి నాణేలు పదింటి విలువ అని అర్థం. టైబీరియస్ పుట్టకముందే అది పదహారయింది. పేరు మార్చుకున్నారా? లేదు. ఆ పేరే తిరిగి తిరిగి దీనార్ అయింది. మా కడప వాళ్లు కువైట్‌లో ఎండకి మాడి సంపాదించి ఇంటికి పంపేది ఆ దీనార్లే. మీ వంశంలో కష్టపడి గౌరవం తెచ్చింది ఆ శాఖ ఒక్కటే అనిపిస్తుంది.

సరే, ఇవన్నీ చిల్లర ఫిర్యాదులు. నా అసలు బాధ వేరు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన శనివారం ఆ పళ్లెంలో మీ పక్కనే ఇంకో టైబీరియస్ ఉంది. మీకు గుర్తుండే ఉంటుంది, మీరిద్దరూ వారాల తరబడి ఒకే మఖమల్ గుడ్డ మీద పడుకున్నారు. దాని చెంప మీద కణత నుంచి గడ్డం దాకా ఒక్క గాటు. ఉలితో పెట్టింది. గాటు లోపల కూడా తెల్లగా వెండే కనిపిస్తోంది. ధర 90 పౌండ్లు. టికెట్ మీద "దక్షిణ భారత గాటు" అని ఉంది. ఇంగ్లీషులోనే ఉంది. అందులో అర్థం కానిదేమీ లేదు.

దాన్ని చూసి నేనేమన్నానో తెలుసా? "అయ్యో, ముఖం పాడుచేశారు" అన్నాను. మీ అందం చూసి మిమ్మల్ని కొన్నాను.

నేను పుట్టింది నల్గొండ జిల్లాలో. ఆ జిల్లాలోనే అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా వెండి దినారియస్‌లు ఒక్కచోట బయటపడ్డాయి. ఎక్కువ భాగం అగస్టస్‌వి, టైబీరియస్‌వి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి తగ్గించాక వచ్చిన దినారియస్‌లు మన వైపు అంతగా దొరకవు, ఎందుకంటే మనవాళ్లు తీసుకోలేదంటారు. మిరియాలు, ముత్యాలు, సన్నటి బట్టలు ఇచ్చి వెండి పుచ్చుకునేవాళ్లకి చక్రవర్తి ఎవరైతే ఏమిటి, వెండి ఉందా లేదా అన్నదే లెక్క. ఏటా అయిదు కోట్ల సెస్టెర్షియస్‌లు (నాలుగు కలిస్తే ఒక దినారియస్) ఇండియాకి పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ లబోదిబోమన్నాడు. మీ టైబీరియస్ గారు కూడా క్రీ.శ. 22లో రోమ్ పెద్దల సభ సెనేట్‌కి ఉత్తరం రాశారు, ఆడవాళ్ల నగల కోసం మన డబ్బు పరాయి దేశాలకి పోతోందని. ఆ పరాయి దేశం వాళ్లం మేమే. ఆ ఉత్తరానికి ఇది కాస్త ఆలస్యంగా వచ్చిన జవాబు అనుకోండి.

మరి ఆ గాటు ఎందుకు పెట్టారంటే పండితులు రకరకాలుగా చెప్తారు. పరాయి రాజు ముఖం చెల్లదని చెప్పడానికి అంటారు కొందరు. లోపలేముందో చూడటానికి అంటారు ఇంకొందరు. నేను ఈ రోజు మధ్యాహ్నం నుంచి రెండో వర్గంలో చేరిపోయాను. ఎవరో మనవాడే, చదువు ఉందో లేదో, లాటిన్ అయితే ఒక్క ముక్క రాదు, చేతిలో ఉలి ఉంది. సముద్రాలు దాటి వచ్చిన చక్రవర్తిని బల్ల మీద పడుకోబెట్టి చెంప మీద ఒక్కటిచ్చాడు. వెండి కనిపించింది, తీసుకున్నాడు. అయిపోయింది పని. నాకేమో పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఉంది, కాటా ఉంది, ఇంటర్నెట్ ఉంది, అరలో నాలుగు లావుపాటి పుస్తకాలున్నాయి. నేను ముఖం చూసి మురిసిపోయాను. మా తాత ముత్తాతలు పరీక్ష చేసి, పాసయిందని సంతకం పెట్టి పంపిన నాణేన్ని పాడైపోయిందని పక్కన పెట్టాను. నల్గొండ వాణ్ని!

సాయంత్రం నాయినకి ఫోన్ చేసి చెప్పుకున్నాను.

"ఏంరా, గీటురాయి మీద గీయించినవా?" అన్నాడు.

"గీకితే దాని విలువ పోతది నాయినా."

"ఇప్పుడు ఉన్నదా మరి?"

ఏం చెప్పను? ఆ తర్వాత ధర అడిగాడు. చెప్పాను. మన డబ్బులో ఎంతని అడిగాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అన్నం తిన్నవా బిడ్డా" అని పెట్టేశాడు.

చూడు. ఇక మర్యాద నా వల్ల కాదు. నువ్వు వెండివి కాదు. వెండిలా ఉండటం తప్ప నీకింకో పని లేదు, అదీ చేతకాలేదు. మా సంగారెడ్డి వైపు కొండాపూర్‌లో ఆ కాలంలోనే నీ టైబీరియస్ బొమ్మతో మట్టి బిళ్లలు చేశారు. మట్టి! అవి మట్టినని ఒప్పుకుని మట్టిలాగే ఉన్నాయి, సిగ్గు లేకుండా వెండి వేషం వేసుకుని 95 పౌండ్లు లాగలేదు. నీ కోసం నేను పన్నెండు గుంతల చెక్కపెట్టె చేయించాను. జూలియస్ సీజర్ నుంచి డొమీషియన్ దాకా రోమ్‌ని ఏలిన పన్నెండుమంది. మూడు నెలలు ఏలిన ఓథో కూడా కొనలేనంత ధరలో కూర్చున్నాడు, అది వేరే ఏడుపు. మూడో గుంత నీది. అందులో వారం రోజులు దొరలా పడుకున్నావు. టైబీరియస్ హయాంలో అగస్టస్ బొమ్మ ఉన్న నాణెమో ఉంగరమో పట్టుకుని మరుగుదొడ్డిలోకి వెళ్లినా నేరమేనని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. ఇవాళ రాత్రి నిన్ను కావాలనే బాత్‌రూంలోకి తీసుకెళ్లాను. సబ్బు పెట్టె పక్కన పెట్టి పళ్లు తోముకున్నాను. ఏం చేస్తావో చేసుకో.

ఏమీ చేయలేదు. అద్దం పక్క లైటు కింద ఆ పచ్చ మచ్చ ఒక్కటే కనిపించింది.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది, రాకుండా ఉంటే బాగుండేది. నిన్ను చేసినవాడు ఎవడో గానీ, పట్టుబడితే ఏమయ్యేదో వాడికి తెలుసు. దొంగ నాణేలకి శిక్ష వేసే చట్టం రోమన్ నియంత సుల్లా కాలంలోనే, క్రీ.పూ. 81లోనే వచ్చింది. నాణేలు పరీక్ష చేయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఊళ్లో కూర్చుని ఉండేవాళ్లు. అయినా వాడు ఏ చీకటి గదిలోనో కూర్చుని, ఒక్కో జుట్టు పాయ ఇంత శ్రద్ధగా దింపాడు. నిన్ను ఎన్ని చేతులు మార్చుకుని ఉంటాయి, ఎన్ని రొట్టెలు కొనిపెట్టి ఉంటావు. వాళ్లందరినీ దాటి, ఆ పరీక్షగాళ్లని దాటి, చివరికి నా దగ్గర దొరికిపోయావు. అదీ కాఫీ కాటా మీద.

మధ్యాహ్నం డీలర్ ఒక మాటన్నాడు, నీకు చెప్పలేదు. "ఇది నాకిచ్చేసి నలభై పౌండ్లు వేయండి, గాటుది తీసుకెళ్లండి" అన్నాడు. నిన్ను జేబులోంచి తీశాను. బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి చాచాడు. నేను నిన్ను మళ్లీ జేబులో వేసుకుని 90 పౌండ్లు కార్డు మీద కట్టి గాటుది విడిగా కొన్నాను. ఎందుకు చేశానో బస్సులో రెండున్నర గంటలు ఆలోచించినా తేలలేదు. దాన్ని ఇంటికి తెచ్చి తూచాను. 3.7. అది మన వైపు నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో మాత్రం టికెట్ మీద ఎక్కడా రాయలేదు, ఆ ఉత్తరం ఇంకొకరికి ఇంకోసారి రాస్తాను.

మూడో గుంతలో ఇప్పుడు అదుంది. చెంప మీద గాటుతో దర్జాగా ఉంది. నిన్ను పూజ గూట్లో పెట్టాను, రాగి చెంబు పక్కన. మీ లోహం వాళ్ల మధ్యే ఉండు కొన్నాళ్లు.

ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి చింతపండు ఉండ పట్టుకుని వచ్చింది. చెంబు తీసింది, నీ వైపు చూసింది. "ఇదీ రాగే అన్నారుగా, పనిలో పని తోమేయనా?" అంది.

ఈ ఉత్తరం ఇక్కడ ఆపేసి పరిగెత్తాల్సి వచ్చింది. నువ్విప్పుడు నా చొక్కా జేబులో ఉన్నావు.

ఇట్లు,
నీ మూడో గుంత మాజీ యజమాని