వాయిదా వైద్యం

ఫ్యామిలీ డాక్టరు రావాల్సిన రోజున 104 బండి రాకపోతే గోదావరి లంక గ్రామాల్లో జనానికి దొరికే జవాబు ఒక్కటే: వచ్చే పక్షం చూద్దాం. ముందుగా కబురుండదు, బదులు రోజుండదు. ఈ మాట ఇంత తేలిగ్గా అనేయడమే మాకు భయం కలిగిస్తోంది. ఒకసారి తప్పిన రోజుకు ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదని తేలిపోతే, ఇక తప్పడమే పద్ధతవుతుంది.

2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలై 2023 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ విస్తరించిన ఈ ఫ్యామిలీ డాక్టరు విధానం పాఠకులకు కొత్త కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఇద్దరు డాక్టర్లలో ఒకరు ఓపీ చూస్తుంటే రెండోవారు ఊళ్లకు వెళ్లాలి, ప్రతి ఊరికీ నెలకు రెండుసార్లు. పొద్దున గ్రామ క్లినిక్‌లో ఓపీ, ఆ తర్వాత బడి, అంగన్‌వాడీ, మంచాన పడ్డవారి ఇళ్లు. తర్వాత ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లు మారాయి. జనం అవసరం మాత్రం అదే.

డాక్టర్ల పోస్టులు ఖాళీగా ఉంటున్నాయని, ఉన్నవారిపై యాప్ నమోదుల భారం పడుతోందని అంటున్నారు. నిజమే. బదులు రోజు ఇవ్వకపోవడానికి అది సాకు కాకూడదు.

పదిహేను రోజుల బిళ్లలే చేతిలో పెట్టి పంపిన చోట ఒక్క విడత తప్పితే ఏమవుతుందో చూడండి. బీపీకి రోజూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకునే మనిషికి మందు అయిపోయిన మర్నాడే తేడా తెలియదు. ఆ మందు ఒంట్లోంచి నిదానంగా పోతుంది కాబట్టి బాగానే ఉన్నాననుకుంటాడు. వారం పది రోజుల్లో బీపీ మళ్లీ మొదటికొస్తుంది. తలనొప్పి, మెడనొప్పి అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ పొడిచే ప్రమాదముంది. అది నొప్పి తగ్గించినా బీపీని ఇంకా పెంచగలదు, షుగరు రోగి కిడ్నీలకు చేటు. మూత్రానికి గొట్టం వేసి మంచాన ఉన్న వృద్ధుల సంగతి మరీ ఘోరం. మామూలు రబ్బరు గొట్టాన్ని రెండు నుంచి నాలుగు వారాల్లోపు మార్చాలి. ఒక్క పక్షం బండి తప్పితే ఆ గడువు దాటిపోతుంది. గొట్టం పూడుకుపోయి, ఇన్ఫెక్షన్ పట్టి, చలిజ్వరంతో పెద్దాస్పత్రికి పరుగు తీయాలి. గర్భిణికి 180 రోజుల ఐరన్ బిళ్లల లెక్కా ఇలాగే తెగుతుంది. మన డెల్టాను తరాలుగా పట్టి పీడించిన బోదకాలు ఉన్నవారికి వేళ్ల సందుల్లో ఒరిసిన పుండే పెద్ద శత్రువు. రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా ఒత్తి, ఫంగస్ మందు పూస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. చూసేవారు లేకపోతే గజ్జల్లో బిళ్ల కట్టి జ్వరం తిరగబెడుతుంది, ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది.

ఇక వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి వచ్చిన నీటిని ఎవరూ మరిచిపోలేదు. కాజ్‌వేలు మునిగాక పడవే దిక్కైన ఊళ్లకు ‘వచ్చే పక్షం’ అంటే అర్థమేముంది? జూన్ నెలాఖరుకే బీపీ, షుగరు రోగులందరికీ రెండు నెలల మందు ఇళ్లకు చేరాలి. నెలలు నిండే గర్భిణుల జాబితా ఆశాల దగ్గర సిద్ధంగా ఉండాలి, నీరు ఎక్కకముందే వారిని ఒడ్డుకు చేర్చాలి. క్లినిక్‌లో ఓఆర్‌ఎస్‌తో పాటు విరేచనాలు పట్టుకున్న పిల్లలకు 14 రోజులకు సరిపడా జింకు బిళ్లలు ఉండాలి.

వేసవిలో కాలువలు కట్టేశాక మరో తిప్పలు. నిల్వ చెరువు నీరే తాగాలి. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ పౌడరు బలం పోతుంది, అది ఎంత చల్లినా ఒకటే.

మేం అడుగుతున్నవి అసాధ్యమైనవి కావు. తప్పిన రోజుకు మూడు రోజుల్లో బదులు రోజు ఇవ్వండి, ఆ తేదీ క్లినిక్ తలుపు మీద రాయండి. ప్రతిసారీ నెల మందుకు అదనంగా వారం మందు ఇవ్వండి. డాక్టరు రాలేని రోజున టెలిమెడిసిన్‌లో డాక్టరుతో మాట్లాడించి గ్రామ క్లినిక్‌లోని సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) చేత పాత మందులు ఇప్పించండి. బీపీ చూసేటప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చొక్కా చేతిని పైకి తీసి పట్టీ చుట్టండి. గబగబా చూసిన అంకెను బట్టి మోతాదు పెంచడమూ ప్రమాదమే.

జిల్లా సమీక్షల్లో బండి ఎన్ని ఊళ్లు తిరిగిందని అడిగితే చాలదు. ఎంతమందికి మందు తెగిపోయిందో అడగండి. ఆ జాబితా తమ బల్ల మీద లేని అధికారికి ఈ పథకం నడుస్తోందని చెప్పే హక్కు లేదు. లంకలో ఒక మనిషి బిళ్లలు లేక పక్షవాతంతో పడిపోతే సంజాయిషీ చెప్పాల్సింది ఆశా కార్యకర్త కాదు, వాయిదాకు సంతకం పెట్టిన వారే.