ఇల్లు కట్టి చూడు, లైబ్రరీ రాసి చూడు

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. హైస్కూలు పిల్లలతో ఏ కోడింగ్ ప్రాజెక్టు చేయించాలి? ఒకరు ఏఐ చాట్‌బాట్ అంటారు, ఇంకొకరు ఏకంగా స్టార్టప్పే పెట్టించేస్తారు. కాలేజీ అప్లికేషన్‌లో ఘనంగా కనబడాలి మరి! నన్నడిగితే అవన్నీ పక్కన పెట్టి, జావాస్క్రిప్ట్‌లో పదో పన్నెండో ఫంక్షన్లున్న ఓ చిన్న యుటిలిటీ లైబ్రరీ, అంటే ఏ ప్రోగ్రాములోనైనా తెచ్చి వాడుకోగల చిన్న చిన్న కోడు ముక్కల మూట, రాయించమంటాను.

లోడాష్ లాంటి రెడీమేడ్ లైబ్రరీలు ఉండగా ఇదెందుకని అడుగుతారు. నిజమే, అండర్‌స్కోర్ 2009లోనే వచ్చింది, లోడాష్ 2012లో. ఇప్పుడు ఏఐని అడిగితే క్షణంలో రాసిచ్చేస్తుంది కూడా. ఆ లైబ్రరీతో లోకానికి పనేమీ లేదు. పనల్లా రాసే పిల్లలకే.

యాప్ అయితే తెర మీద ఏదో ఒకటి కనబడగానే అయిపోయిందనిపిస్తుంది. లైబ్రరీకి ఆ వెసులుబాటు లేదు. అర్రేని, అంటే వరసగా పేర్చిన విలువల జాబితాని, సమానమైన ముక్కలుగా కోసే 'చంక్' ఫంక్షన్నే తీసుకోండి. నాలుగైదు లైన్ల పని. ముక్క సైజు సున్నా అని ఎవరైనా ఇస్తే? మామూలుగా రాసిన లూప్ ఎప్పటికీ ఆగదు, బ్రౌజర్ ట్యాబ్ బిగుసుకుపోతుంది. అప్పుడు ఖాళీ అర్రే తిరిగివ్వాలా, ఎర్రర్ విసరాలా? లోడాష్ ఖాళీ అర్రే ఇస్తుంది. నేనైతే ఎర్రరే విసరమంటాను, తప్పు అక్కడే బయటపడుతుంది కాబట్టి. పిల్లలు ఏదో ఒకటి తేల్చుకుని, రీడ్‌మీలో (లైబ్రరీతో పాటు ఇచ్చే వివరణ ఫైల్లో) రాసి, అలాగే పనిచేస్తోందో లేదో చూసే టెస్టు కోడు ఒకటి పెట్టి, ఆ మాట మీద నిలబడాలి. తర్వాత మనసు మారితే, పాత కోడు విరగొచ్చని వాడేవాళ్లకు తెలిసేలా వెర్షన్‌లో మొదటి అంకె మార్చక తప్పదు. ఏ ట్యుటోరియల్ వీడియో ఈ తర్జనభర్జన పెట్టదు.

మన పిల్లలకైతే ఇంకో మంచి పరీక్ష ఉంది. స్ట్రింగ్‌ని తిరగేసే ఫంక్షన్ రాయమనండి. అందరూ స్ప్లిట్, రివర్స్, జాయిన్ (విడగొట్టు, తిరగెయ్యి, కలుపు) అని ఒక్క లైన్లో తేల్చేస్తారు. దానికి 'తెలుగు' అని ఇచ్చి చూడమనండి. 'గులుతె' రావాలి కదా? రాదు. దిక్కులేని కొమ్ము ఒకటి ముందుకొచ్చి, దాని వెనక 'గులెత' అని వస్తుంది. త మీది ఎత్వం వెళ్లి ల మీద కూర్చుంది! లెంగ్త్ అడిగితే మూడక్షరాలకు 6 చెబుతుంది. ఒక్క అక్షరమైన 'స్త్రీ'కీ 6 చెబుతుంది, ఎందుకంటే మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం దానికి విడివిడి కోడ్లు.

మాటను అక్షరాలుగా విడదీయడానికి జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న Intl.Segmenter వాడితే 'తెలుగు' మూడు అక్షరాలే అవుతుంది. 'స్త్రీ' దగ్గర మాత్రం మళ్లీ తిరకాసు. తెలుగు సంయుక్తాక్షరాలను విడదీయకుండా ఉంచే నియమం, కంప్యూటర్లలో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. ఆ నియమం లేని బ్రౌజర్లు 'స్త్రీ'ని మూడు ముక్కలు చేస్తాయి. ఒకే కోడు, బ్రౌజర్‌ని బట్టి రెండు జవాబులు. ఇలాంటి చోట పొడవాటి పేర్లను కత్తిరించే ఫంక్షన్‌ని నమ్మి బ్యాడ్జీలు ప్రింట్ చేస్తే 'కృష్ణమూర్తి' కాస్తా 'కృష్' దగ్గర తెగుతుంది. ఇంట్లో తెలుగు వినే పిల్లలకు ఈ తప్పు చూడగానే తెలుస్తుంది. మనవాళ్లు రాయకపోతే ఈ టెస్టులు ఇంకెవరు రాస్తారు?

రాసింది ఎన్‌పీఎమ్‌లో, అంటే జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను అందరూ దించుకునే చోట, పెట్టాలని పిల్లలకు సరదాగా ఉంటుంది. తొందరపడొద్దంటాను. 2016 మార్చిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయనే తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ బాబెల్ లాంటి పెద్ద ప్రాజెక్టుల బిల్డులు (కోడును వాడకానికి సిద్ధం చేసే పని) కూడా ఆగిపోయాయి. ముందు ఓ స్నేహితుడి ప్రాజెక్టులో వాడించి, అక్కడ విరిగినవి సరిచేశాక పెట్టినా ఆలస్యం కాదు.

ఏఐని వాడొద్దని మాత్రం నేననను. ఫంక్షన్లు దానిచేత రాయించుకోనివ్వండి. టెస్టులు పిల్లలే రాయాలి, అదీ కోడు కన్నా ముందు.